సున్నం కింద పద్యం

కవి చేతిలోంచి కాగితాన్నీ కలాన్నీ లాగేసుకుంటే పద్యం ఎక్కడ బతకాలి? 1948లో మన ఇందూరు (నిజామాబాదు) ఖిల్లా జైల్లో ఇద్దరు ఖైదీలకు ఈ ప్రశ్న ఎదురైంది. ఒకరికి ఇరవై రెండేళ్లు. పేరు దాశరథి కృష్ణమాచార్యులు. ఇంకొకరు ఆయనకంటే పదేళ్లు పెద్దవారు, వట్టికోట ఆళ్వారుస్వామి. ఒకరు పద్యం కట్టేవారు, రెండోవారు పద్యాన్ని దాచేవారు. ఆ ఇద్దరి పట్టుదలకు కాస్త అదృష్టం తోడైతే ఒక పుస్తకం పుట్టింది. దాని పేరు 'అగ్నిధార'. అది ఎట్లా పుట్టిందో మన జిల్లావాళ్లం తప్పక తెలుసుకోవాలి. ఎందుకంటే దాని మొదటి ప్రతి మన ఊరి గోడ మీద రాసింది.

కథ కొంచెం వెనక నుంచి మొదలుపెడతాను. రెంజల్ మండలం కందకుర్తి దగ్గర గోదావరిలో మంజీర, హరిద్ర కలుస్తాయి. ఆ మంజీర మీద ఎగువన 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగర్ కట్టారు. కాలువలు వచ్చాయి, కాలువల వెంట చెరకు వచ్చింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీకి పునాది పడింది. ఎడపల్లి, రెంజల్, బోధన్ పొలాల చెరకు ఎడ్ల బండ్ల మీద అక్కడికి నడిచింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని దానికి పేరు. ఏడో నిజాం పాలన తన గొప్పలు చెప్పుకోవాలంటే ముందుగా చూపించే ప్రాంతాల్లో మనదీ ఒకటి.

అదే 1937లో నిజామాబాదులో ఇంకో పని కూడా జరిగింది. మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ ఆరో సమావేశం ఇక్కడే పెట్టారు. రైతు గోడు, వెట్టి బాధ, తెలుగులో చదువు, గ్రంథాలయాలు అక్కడ మాట్లాడుకున్న సంగతులు. అంటే ఒకే ఏడు ఈ నేల మీద చక్కెర మిల్లూ లేచింది, తెలుగు గొంతూ లేచింది. చరిత్ర పుస్తకాలు మిల్లు గురించి ఎక్కువ రాస్తాయి. నాకు మాత్రం ఆ రెండో సంగతే ముఖ్యం. ఖిల్లా జైల్లో జరిగినదానికి విత్తనం అందులోనే ఉంది.

అప్పటి హైదరాబాదు రాజ్యంలో తెలుగు కవి కావడం సులువు కాదు. బడిలో చదువు ఉర్దూలో, కచేరీలో కాగితం ఉర్దూలో. తెలుగు ఇంట్లో, చేలో, గుడిలో ఉండేది. తెలంగాణలో కవులు పూజ్యమని ఒక పండితుడు అనేసరికి సురవరం ప్రతాపరెడ్డికి రోషం వచ్చింది. ఊరూరా కబురు పెట్టి, దొరికిన ప్రతి కవి దగ్గరా పద్యాలు తెప్పించి, 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశారు. అందులో 354 మంది కవులు తేలారు. లేరన్నవాళ్లకు అంతకంటే గట్టి జవాబు ఏముంటుంది? అయితే అందులో చాలామందికి అదే మొదటి అచ్చు. పద్యం రాసేవాడు ఉన్నాడు, దాన్ని అచ్చుకు చేర్చే దారే లేదు. దాశరథి పుట్టి పెరిగింది ఈ గాలిలోనే.

ఆయన 1925 జూలై 22న చిన్నగూడూరులో పుట్టారు. అప్పుడది వరంగల్లు జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. తండ్రి వెంకటాచార్యులు సంస్కృతం, ద్రావిడ ప్రబంధం చదివిన వైష్ణవ పండితుడు. కాబట్టి ఇంట్లో శ్లోకం, పద్యం పొద్దున లేస్తే చెవిన పడేవి. ఖమ్మం బడికి వెళ్తే చదువంతా ఉర్దూలో. ఇంకొకరైతే ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అని విసుక్కునేవారు. ఈ పిల్లవాడు రెండింటినీ ప్రేమించాడు. ఇక్బాల్‌ను చదివాడు, గాలిబ్‌ను చదివాడు. ఉర్దూ గజల్‌లో ఒక్కో షేర్ రెండు పాదాల్లో తిరిగి చూసుకునే తీరు, తెలుగు పద్యం యతి దగ్గర విరిగి మళ్లీ అందుకునే తీరు ఆ చెవిలో పక్కపక్కన కూర్చున్నాయి. ఆ తర్వాత ఉస్మానియాలో బి.ఎ. చదివి ఇంగ్లీషు కవిత్వమూ చూశారు.

చిన్ననాటి నుంచే పద్యం రాసేవారు. రాయడమంటే కాగితం ముందు పెట్టుకుని కూర్చోవడం కాదు. పద్యం కట్టేవాడు ముందు నోటితో కడతాడు. నడుస్తూ, పెదాల మీద గొణుగుతూ, గణం కుదరకపోతే మాట మార్చి, యతి పడకపోతే ఇంకో మాట వెతికి, చివరికి కుదిరాక రాసుకుంటాడు. ఏళ్ల తరబడి ఇట్లా చేసినవాడికి గురువులఘువులు లెక్క పెట్టాల్సిన పని ఉండదు. తబలా వాయించేవాడి వేళ్లలో తాళం ఉన్నట్టే ఆ లెక్క నాలుకలో ఉంటుంది. ఆ సాధన ఎంతటి పనికి వస్తుందో ఆ కుర్రవాడికి అప్పుడు తెలియదు.

ఆళ్వారుస్వామి దారి వేరు. 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట పని చేస్తూ అక్షరాలు నేర్చుకున్నారు. హోటల్లో సర్వర్‌గా బల్లలు తుడిచారు. తర్వాత హైదరాబాదు చేరి గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడర్ అయ్యారు. ఈ ప్రూఫ్ రీడర్ ఉద్యోగాన్ని కాస్త గుర్తుంచుకోండి, కథలో దీనికి పెద్ద పని ఉంది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. పుస్తకాలు వేయించి, వాటిని తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. బడికి సరిగ్గా వెళ్లని మనిషి పుస్తకాన్ని భుజాన వేసుకుని జనం దగ్గరకు నడిచాడంటే, ఆ మనిషికి అక్షరమంటే ఎంత ప్రాణమో ఊహించుకోవచ్చు.

1947 వచ్చింది. ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరింది. హైదరాబాదు సంస్థానం మాత్రం భారతదేశంలో కలవనంది. ఇటు స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం, అటు ఊళ్లలో సాయుధ పోరు, వాటిని అణచడానికి కాసిం రజ్వీ రజాకార్లు. ఊళ్లు కాలాయి, జైళ్లు నిండాయి. ఊరూరా తిరిగి పద్యాలతో, ఉపన్యాసాలతో జనాన్ని లేపుతున్న దాశరథిని పట్టుకున్నారు. వరంగల్లు జైలుకు పంపారు, అక్కడి నుంచి ఇందూరుకు తెచ్చారు. ఆళ్వారుస్వామి కూడా ఈ జైలుకే వచ్చారు.

ఇందూరు ఖిల్లా మనందరికీ తెలిసిందే. గుట్ట మీద కోట, పైన రఘునాథాలయం. భక్తులు మెట్లెక్కి దండం పెట్టుకుని దిగేవారు. ఆ కోటలోనే జైలు. కింద బజారులో బెల్లం, పసుపు, చెరకు బండ్ల సందడి. గోడకు అవతల అంత బతుకు సాగుతుంటే, ఇవతల ఇరవై రెండేళ్ల కవికి మనసు నిండా మాటలు ఉన్నాయి. వాటిని పెట్టడానికి జానెడు కాగితం లేదు. రాజకీయ ఖైదీకి కలం ఇస్తే ఏం రాస్తాడో పాలకులకు బాగా తెలుసు.

మొదటి ఉపాయం గోడ. పళ్లు తోముకోవడానికి బొగ్గు ఇచ్చేవారు. ఆ బొగ్గు ముక్కతో దాశరథి సున్నపు గోడ మీద పద్యాలు రాశారు. తెల్లటి సున్నం మీద నల్లటి బొగ్గు బాగా కనపడుతుంది. అదే దాని బలం, అదే దాని బలహీనత. ఖైదీకి ఎంత స్పష్టంగా కనపడుతుందో కాపలావాడికీ అంతే స్పష్టంగా కనపడుతుంది. నిజామును నేరుగా పిలిచి నిలదీసిన పద్యం ఆ గోడ మీద ఉంది. తెలంగాణను వీణగా చూసి, దాని తీగలు తెంపి నిప్పుల్లో వేశావని రాజును తిట్టిన పద్యం అది. సంస్థానం సొంత జైల్లో, సంస్థానం సొంత గోడ మీద, సంస్థానాధీశుడి పేరు పెట్టి.

అధికారులు చూశారు. కవిని శిక్షించారు. గోడకు సున్నం కొట్టించారు.

బొగ్గు గోడను పట్టుకునేది పై పైనే. చేయి రాస్తేనే చెదిరిపోతుంది. దాని మీద తడి సున్నం రెండు పూతలు వేస్తే మాట మిగలదు. సిరా అయితే కొంచెమైనా ఇంకుతుంది, రాతి మీద ఉలి చెక్కు అయితే వెయ్యేళ్లు ఉంటుంది. బొగ్గుకు ఆ భాగ్యం లేదు. దాశరథి మళ్లీ రాశారు. మళ్లీ సున్నం పడింది. ఈ పోటీలో కవి గెలవలేడు. బొగ్గు వాళ్లు ఇచ్చేది, గోడ వాళ్లది, సున్నం వాళ్లది, కర్ర వాళ్లది. ఇట్లా ఎన్ని రాసినా ఆ జైలు తలుపు దాటి ఒక్క పద్యమూ బయటికి పోదు.

అయినా గోడ వల్ల ఒక లాభం కలిగిందని నాకు అనిపిస్తుంది. గోడ మీద రాసిన పద్యం ఒక్కరిది కాదు. ఆ గదిలో ఉన్నవాళ్లందరూ చదువుతారు, చదువురానివాళ్లకు చదివి వినిపిస్తారు. సున్నం పడేలోపు పద్యం కొన్ని నోళ్లలోకి వెళ్తుంది. అధికారులు తుడిచింది గోడనే. ఈ కథలో మలుపు అక్కడే ఉంది.

ఆళ్వారుస్వామి ఆ పద్యాలను కంఠస్థం చేయడం మొదలుపెట్టారు. దాశరథి కట్టిన పద్యం విని, గోడ మీద ఉన్నంతసేపు చూసి, తిప్పి తిప్పి చదివి నోటికి తెచ్చుకున్నారు. తర్వాత గోడ మీద ఏది ఉన్నా, లేకపోయినా ఆయన నోట పద్యం ఉంది. ఆ జైల్లో ఇంకెవరు పక్కన పడి ఉన్నా ఇంత పని జరిగేదో లేదో. అక్షరం అక్షరం పట్టుకుని చదవడమే వృత్తిగా బతికిన మనిషి పక్కన పడటం నిజంగా అదృష్టం. మామూలు పాఠకుడు భావం గుర్తు పెట్టుకుంటాడు, మాటలు తనవి వేసేస్తాడు. ప్రూఫ్ రీడర్ అట్లా కాదు. ఒత్తు పోతే ఆగుతాడు, దీర్ఘం పోతే ఆగుతాడు, ఒక మాట బదులు దానికి దగ్గరి మాట పడితే ఆగుతాడు. గోలకొండ పత్రిక గేలీల మీద ఏళ్ల తరబడి చేసిన పని జైల్లో ఇట్లా అక్కరకు వచ్చింది.

అయితే జ్ఞాపకం ఎంత గట్టిదైనా నెలల తరబడి పద్యాలు చెదరకుండా నిలుస్తాయా? ఆకలి, దెబ్బలు, జ్వరం, బయట ఇల్లు ఏమైందోనన్న దిగులు. అటువంటి చోట వచనం నిలవదు. పద్యం నిలుస్తుంది. ఎందుకు నిలుస్తుందో కొంచెం దగ్గరగా చూద్దాం. ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించేది ఇదే.

నేను చెప్పిన ఆ వీణ పద్యం తేటగీతి. తేటగీతికి నాలుగు పాదాలు. ప్రతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు రావాలి. సూర్యగణమంటే మూడు మాత్రల చిన్న ముక్క. ఇంద్రగణం దానికంటే పెద్దది, నాలుగైదు మాత్రలు. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి కుదరాలి, అదే యతి. మహాకవి పద్యాన్ని ముక్కలు చేయడం నాకు ఇష్టం లేదు కాబట్టి ఉదాహరణ కోసం ఒక పాదం నేనే కడతాను: సున్నమెంత పూసిన గోడ సుద్ది చెప్పు. దీన్ని గణాలుగా విడదీస్తే సున్న, మెంతపూ, సినగోడ, సుద్ది, చెప్పు. మొదటి 'సు'కూ నాలుగో గణం మొదట్లో ఉన్న 'సు'కూ యతి కుదిరింది.

ఇప్పుడు ఈ పాదం నోటికి నేర్చుకున్నవాడు మూడు నెలల తర్వాత ఒక మాట మర్చిపోయాడనుకోండి. 'గోడ' బదులు 'గోడలు' అన్నాడు. వెంటనే నడక కుంటుతుంది, ఒక మాత్ర ఎక్కువైందని చెవి చెబుతుంది. 'సుద్ది' బదులు 'కథలు' అన్నాడు. ఈసారి మాత్రలు సరిపోయాయి, భావమూ సరిపోయింది. కానీ 'సు'కు 'క'తో పొత్తు లేదు. యతి తప్పింది, చెవి మళ్లీ పట్టుకుంది. మర్చిపోయిన మాట 'సు'కు పొత్తు కుదిరే అక్షరంతో మొదలై మూడు మాత్రల్లో ముగియాలని పద్యమే వాడికి దారి చూపిస్తుంది. వృత్తాల్లోనూ కందంలోనూ దీనికి తోడు ప్రాస కూడా ఉంటుంది. ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే హల్లు కావాలి. పాదం ఎట్లా మొదలవుతుందో తట్టనివాడికి ఆ రెండో అక్షరం చేయి అందిస్తుంది. మన ఆధార్ నంబరులో చివరి అంకె అట్లాంటిదే. మిగతా పదకొండు అంకెల్లో ఏదైనా తప్పు పడితే లెక్క కుదరక అది పట్టిస్తుంది. ఆ పనిని తెలుగు పద్యం వెయ్యేళ్ల కిందటే అక్షరాలతో చేసింది.

ఇది తెలిసినవాళ్లు మనలో ఎప్పుడూ ఉన్నారు. తిరుపతి వేంకట కవులు శతావధానం చేస్తే నూరుమంది పృచ్ఛకులు అడిగిన పద్యాలను విడతలు విడతలుగా చెప్పి, చివర అన్నిటినీ వరసగా అప్పగించేవారు. దానికి ధారణ అని పేరు. సభలో శాలువా కోసం, బిరుదు కోసం చేసే విద్య అని కొందరు దాన్ని తేలిగ్గా తీసేస్తారు. నేను ఒప్పుకోను. ధారణ అనేది కాగితం లేని రోజు కోసం మన పెద్దలు దాచిపెట్టిన ఆస్తి. ఆ రోజు 1948లో ఇందూరు జైలుకు వచ్చింది. గోలకొండ చెరసాలలో కంచెర్ల గోపన్న కీర్తనలు కట్టినప్పుడు కూడా అవి జనంలోకి వచ్చింది పాటగానే, నోటి దారినే.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. తెలుగులో మనకు దొరికిన మొదటి కంద పద్యాలు తాటాకు మీదివి కావు, బండ మీదివి. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు చెక్కించాడు. ఆయన కన్నడ ఆదికవి పంపకు తమ్ముడు. ఆ పంప చివరి రోజులు మన బోధన్‌లో గడిచాయని, ఆయన సమాధి ఇక్కడే ఉందని అంటారు. అన్నకు బోధన్, తమ్ముడికి కురిక్యాల. ఆ రెంటి నడుమ నేలలో పద్యం రాతికి ఎక్కిన వెయ్యేళ్లకు, ఇందూరు గోడకు మళ్లీ ఎక్కింది. జినవల్లభుడికి రాజాశ్రయం ఉంది, ఉలి ఉంది, బండ ఉంది. దాశరథికి దక్కింది బొగ్గు, దాని పక్కన ఒక మనిషి.

ఈ ఉపాయం మనవాళ్లకే తట్టింది కాదు. 1980లలో సోవియట్ శిబిరంలో బందీగా ఉన్న కవయిత్రి ఇరీనా రతుషిన్‌స్కయా కాల్చిన అగ్గిపుల్లతో సబ్బు ముక్క మీద పద్యం గీసి, కంఠస్థమయ్యేదాకా చదువుకుని, చేతులు కడుక్కునే నీళ్లలో దాన్ని కరిగించేసేది. ఆమెకు ఇందూరు సంగతి తెలిసే అవకాశమే లేదు. బొగ్గు, గోడ బదులు అగ్గిపుల్ల, సబ్బు. మిగతాదంతా ఒకటే. తేడా ఒక్కటి ఉంది. ఆమె తన పద్యాన్ని తానే మోసింది. ఇక్కడ ఒకరి పద్యాన్ని మరొకరు మోశారు. తన పేరు లేని మాటల కోసం ఒక రచయిత తన జ్ఞాపకంలో చోటు ఖాళీ చేయడం చిన్న విషయం కాదు. ఆళ్వారుస్వామి కూడా రాసేవారే కదా, ఆయన బుర్రలోనూ కథలు తిరుగుతూనే ఉన్నాయి కదా!

జైలు గోడల లోపల కూడా ప్రాణానికి భద్రత లేని రోజులవి. రజాకార్లు ఇందూరు జైల్లోకే చొరబడి రాజకీయ ఖైదీల మీద పడి కొట్టారు. ఆ దెబ్బల్లో ఒక తల పగిలి ఉంటే మనకు ఈ పద్యాలు ఉండేవా? అచ్చు ప్రతి లేదు, రాత ప్రతి లేదు. ఉన్నవి రెండు ప్రతులు, రెండూ మనుషులే. వాళ్లు బతికి బయటపడ్డారు కాబట్టి పద్యాలూ బయటపడ్డాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదులోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. రజ్వీ మాటలు నడిచిన రోజులు అయిదు రోజుల్లో ముగిశాయి.

బయటికి వచ్చాక పద్యాలు కాగితానికి ఎక్కాయి. 1949లో 'అగ్నిధార' అచ్చయింది. దాశరథికి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఆ పుస్తకాన్ని ఆయన అంకితం ఇచ్చింది వట్టికోట ఆళ్వారుస్వామికి. మన సంప్రదాయంలో కృతిభర్త అంటే రాజు, జమీందారు, లేదంటే దేవుడు. కృతి పుచ్చుకున్నవాడు కవికి మడిమాన్యాలు ఇవ్వాలి, పల్లకి ఇవ్వాలి. ఇక్కడ కృతిభర్త వంట పని నుంచి, హోటలు బల్లల నుంచి పైకి వచ్చిన తోటి ఖైదీ. ఆయన కవికి ఇచ్చింది కవి సొంత పద్యాలనే. ఇంతకంటే న్యాయమైన అంకితం తెలుగులో మరొకటి ఉందని నేను అనుకోను.

మరుసటి ఏడు 'రుద్రవీణ' వచ్చింది. 1951లో తెలంగాణ రచయితల సంఘం పెట్టినప్పుడు దాశరథే తొలి అధ్యక్షుడు. జైల్లో అబ్బిన పట్టు ఆయనను జీవితాంతం వదలలేదు. 1961లో సినిమా పాటలు మొదలుపెట్టారు. అక్కడ తరచుగా బాణీ ముందు ఇస్తారు, దాని మాత్రలకు మాటలు పొదగాలి. నాలుక మీదే గణాలు కుదుర్చుకున్న మనిషికి అది కొత్త పని కాదు. అదే ఏడు 'గాలిబ్ గీతాలు' వెలువడ్డాయి, బాపు బొమ్మలతో. ఖమ్మం బడిలో చెవిన పడ్డ ఉర్దూ షేర్లను తెలుగు నడకలోకి తెచ్చిన పుస్తకం అది. ఉర్దూ రాని తెలుగువాళ్లకు గాలిబ్ అంటే ఇప్పటికీ చాలావరకు దాశరథి గాలిబే. 'తిమిరంతో సమరం' 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చింది. 1977లో ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవి అయ్యారు. ఒకప్పుడు ప్రభుత్వ గోడ మీద రాసినందుకు శిక్ష పడ్డ మనిషిని ప్రభుత్వమే పిలిచి పీట వేసింది. 1987 నవంబరు 5న ఆయన వెళ్లిపోయారు.

గోడ మీది ఆ తేటగీతి చివరి పాదం, 'నా తెలంగాణ కోటి రత్నాల వీణ', మాత్రం సొంత కాళ్ల మీద నడుస్తూ పోయింది. ఉద్యమ సభల్లో, గోడ రాతల్లో, బడి పిల్లల నోట, బస్సు వెనక అద్దాల మీద కనపడింది. దాన్ని పలికేవాళ్లలో చాలామందికి మొదటి మూడు పాదాలు తెలియవు, అది ఇందూరులో బొగ్గుతో రాసిందనీ తెలియదు. అయినా చాలావరకు చెదరలేదంటే యతీ గణాలూ తమ పని తాము చేస్తున్నట్టే. అక్కడక్కడ 'రత్నాల'ను 'రతనాల' అని నోటికి మెత్తగా మార్చుకుంటారు. ఛందస్సు తెలిసిన చెవికి అది వెంటనే తట్టి, తేటగీతిలో ఒత్తు ఉండాల్సిన చోటు ఇదేనని చెబుతుంది. ఆళ్వారుస్వామి వింటే తప్పకుండా దిద్దేవారు.

ఆయన 1961లోనే, నలభై అయిదేళ్ల వయసులో కన్నుమూశారు. 'ప్రజల మనిషి' నవల రాశారు. 'జైలు లోపల' అని కథలూ రాశారు. జైలు గురించి రాసేటప్పుడు కూడా ఆయన చూపు తన కష్టాల మీద లేదు. దొంగతనానికో, హత్యకో శిక్ష పడి లోపలికి వచ్చిన మామూలు ఖైదీల మీద ఉంది. వాళ్లు ఎందుకు అట్లా అయ్యారో, అవకాశం ఉంటే ఎట్లా ఉండేవారో ఓపికగా విని రాశారు. దాశరథి పద్యాలు విన్న చెవులే అవి.

మన జిల్లా గ్రంథాలయాల్లో 'అగ్నిధార', 'జైలు లోపల' రెండూ పక్కపక్కన ఉండాలి. రెంజల్, బోధన్ బడుల్లో తెలుగు పంతుళ్లు తేటగీతి లక్షణం చెప్పే రోజున పిల్లలను ఒక్కసారి ఖిల్లాకు తీసుకెళ్లి, అక్కడ నిలబెట్టి గణాలు విడదీయిస్తే బాగుంటుంది.